నీతిమంతుడుగా తీర్చబడుట : తెలుగు బైబిలున విశ్వాస క్రియా వివాదము

కొన్ని సంవత్సరముల క్రిందట స్నాతకోత్తర తరగతిలో అనువాదసాహిత్యమును బోధించుచుండగా ఒక విద్యార్థి మమ్మొక ప్రశ్న అడిగెను. రక్షణకు విశ్వాసము చాలునా, క్రియలు కూడ కావలెనా యను విషయమున క్రైస్తవసంఘము రెండుగా చీలినదని చరిత్రగ్రంథములు చెప్పుచున్నవి. ఆ తగవునకు మూలము పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికకును యాకోబు పత్రికకును నడుమనున్న వైరుధ్యమనియు చెప్పుచున్నవి. కాని తెలుగు బైబిలును చదివిన తనకు అట్టి వైరుధ్యమేదియు కనిపింపలేదని అతని సందేహము. పౌలు విశ్వాసమువలన మనుష్యుడు నీతిమంతుడుగా ‘తీర్చబడు’నన్నాడు, యాకోబు క్రియలవలన నీతిమంతుడని ‘ఎంచబడు’నన్నాడు. తీర్చుట వేరు, ఎంచుట వేరు; మొదటిది దేవుడు చేయునది, రెండవది లోకము చూచునది; ఇందు తగవేమున్నదని అతడనెను. సమాధానము ముచ్చటగా నున్నది. తరగతియంతయు మెచ్చుకొన్నది, మేమును మెచ్చుకొంటిమి. ఇంటికి వచ్చి గ్రీకు మూలమును, నిఘంటువును ముందిడుకొని చూచిన పిమ్మటగాని ఆ మెచ్చుకోలు తొందరపాటని మాకు తెలియలేదు. గ్రీకున రెండుచోట్లను ఉన్నది ఒకే క్రియ.

దైవశాస్త్రము మా వృత్తి కాదు. రక్షణ యెట్లు కలుగునో నిర్ణయించు సాహసమును ఈ వ్యాసమున చేయబోము. కాని ఒక మతమునకు ప్రాణభూతమైన వివాదము ఒక క్రియాపదముపై నిలిచినప్పుడు, ఆ పదము తెలుగులోనికి వచ్చు త్రోవలో నేమైనదో పరిశీలించుట తెలుగు శాఖలవారి పనియే. బైబిలు అనువాదమును గూర్చి మనవారు వ్రాయునది తరచుగా చరిత్రతో ముగియును: జార్జి క్రాను, ఆగస్టస్ డె గ్రాంజి అను లండను మిషనరీలు 1805లో విశాఖపట్టణము చేరుట, సువార్తలను తెనిగింప మొదలిడుట ఇత్యాదులు. లేదా ‘బైబిలు తెలుగు’ అను ఎగతాళితో ముగియును. ఈ రెండింటి నడుమ చేయవలసిన పని చాల మిగిలియున్నది. మేము ఇచట పరిశీలించునది భారత బైబిలు సంఘము ప్రచురించిన, మన ప్రొటెస్టెంటు దేవాలయములలో తరతరములుగా చదువబడిన పాత అనువాదమును.

ముందుగా వివాదస్వరూపము. రోమా పత్రిక క్రీస్తుశకము 57 ప్రాంతమున వ్రాయబడినదని పండితులు సామాన్యముగ అంగీకరింతురు. అందు మూడవ అధ్యాయము 28వ వచనమున, ధర్మశాస్త్రక్రియలతో నిమిత్తము లేక విశ్వాసముచేత మనుష్యునకు నీతిమంతత్వము కలుగునని పౌలు నిర్ణయించెను. యాకోబు పత్రిక రెండవ అధ్యాయము 24వ వచనమున అది క్రియలచేత కలుగుననియు, విశ్వాసముచేత మాత్రమే కలుగదనియు నున్నది. రెండుచోట్లను ‘దికైయూన్’ అను క్రియయే. రెండుచోట్లను కర్మణి ప్రయోగమే. తగవులో పిలువబడిన సాక్షియు నొక్కడే, అబ్రాహాము. పౌలు ఆదికాండము 15వ అధ్యాయమును చూపును. అచట సంతానహీనుడైన వృద్ధుడు నక్షత్రములను చూచి దేవుని మాటను నమ్మును, ఆ నమ్ముట అతనికి నీతిగా లెక్కింపబడును. యాకోబు 22వ అధ్యాయమును చూపును. అచట ఆ వృద్ధుడే కుమారుని బలిపీఠముపై నుంచును. ఇష్మాయేలు పుట్టుకకు అబ్రామునకు 86 ఏండ్లు. సున్నతి పొందునప్పటికి 99 ఏండ్లు. ఇస్సాకు పుట్టుకకు 100 ఏండ్లు. 15వ అధ్యాయము వీనికన్నిటికి ముందరిది. సున్నతికి మునుపే, ధర్మశాస్త్రము పుట్టకమునుపే అతడు నీతిమంతుడయ్యె ననునది పౌలు వాదమునకు ఆయువుపట్టు. 22వ అధ్యాయమున 15వ అధ్యాయపు మాట నెరవేరెననునది యాకోబు వాదము. ఒకడు విత్తనమును చూపుచున్నాడు, ఒకడు పండును చూపుచున్నాడు, చెట్టు ఒక్కటియే. అయినను ఇద్దరును వాడిన క్రియ ఒక్కటియగుటచే ఈ ఉపమానముతో తగవు తీరిపోదు. మార్టిన్ లూథరు 1522లో ప్రచురించిన కొత్తనిబంధన పీఠికలో యాకోబు పత్రికను గడ్డితో పోల్చినది ఈ చిక్కువలననే.

ఇక ఆ గ్రీకు క్రియ. ‘దికైయొస్’ అనగా న్యాయవంతుడు, నీతిమంతుడు. దానినుండి పుట్టిన క్రియ కనుక దానికి ‘నీతిమంతుని చేయు’ అని అర్థము చెప్పవలెనా, ‘నీతిమంతుడని చెప్పు’ అని చెప్పవలెనా? గ్రీకున ఈ విధముగా విశేషణములనుండి పుట్టు క్రియలు రెండు తెగలు. గ్రుడ్డివాడను విశేషణమునుండి పుట్టినదానికి గ్రుడ్డివానిని చేయుట యర్థము. యోగ్యుడను విశేషణమునుండి పుట్టినదానికి యోగ్యుడని భావించుట యర్థము. ‘దికైయూన్’ రెండవ తెగకు చెందినదని చెప్పుటకు బలమైన నిదర్శనములున్నవి. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయపు గ్రీకు పాఠమున న్యాయాధిపతులు నిర్దోషిని నిర్దోషియని తేల్చుటకు ఇదే క్రియ. లూకా సువార్త 7వ అధ్యాయము 29వ వచనమున ప్రజలు దేవునియెడల చేసిన పనికిని ఇదే క్రియ. దేవుని నీతిమంతుని ‘చేయుట’ ఎవరి తరము? ఆయన న్యాయవంతుడని ఒప్పుకొనుట మాత్రమే వారికి సాధ్యము. లాటినులో ఈ క్రియ ‘యూస్తిఫికారె’ అయినది. అందలి ఉత్తరభాగము ‘చేయు’ అను ధాతువు. అగస్టీను 412 ప్రాంతమున వ్రాసిన ‘ఆత్మయు అక్షరమును’ అను గ్రంథమున ఈ పదమునకు నీతిమంతులుగా చేయబడుట యనియే వివరణ చెప్పెను. నీతిమంతులని ఎంచబడుట యను అర్థమును కూడ అతడు త్రోసివేయలేదు. కాని పశ్చిమదేశపు మతచింతనలో నిలిచినది మొదటి అర్థమే.

పదునారవ శతాబ్దిలో లూథరును, మెలాంక్తనును గ్రీకునకు మరలిరి. దేవుడు న్యాయపీఠముమీద కూర్చున్నాడు, పాపి బోనులో నిలిచినాడు, క్రీస్తు నీతి అతని లెక్కలో వ్రాయబడినది, తీర్పు వెలువడినది. పాపి మారెనా యనునది తరువాతి విషయము. దీనిపై 1547 జనవరిలో ట్రెంటు మహాసభ ఆరవ సమావేశమున పలికినదేమన, ఇది పాపక్షమాపణ మాత్రమే కాదు, అంతఃపురుషుని నవీకరణము కూడ నని. ఈ సభవారి భయమును చులకనగా చూడరాదని మా యభిప్రాయము. నిర్గమకాండము 23వ అధ్యాయమున దుష్టుని నిర్దోషియని తేల్పరాదను నిషేధమున్నది. పౌలు రోమా పత్రిక నాలుగవ అధ్యాయమున దేవుడు సరిగా ఆ పనినే చేయుచున్నాడనును. దొంగను దొరయని చెప్పు న్యాయాధిపతిని మనము లంచగొండి యందుము. దేవుని తీర్పు అబద్ధమగుటకు వీలులేదు. కనుక ఆ తీర్పు పలికినదానిని చేయవలెను. ఇది ట్రెంటువారి తర్కము. తీర్పునకు ముందే మారవలెనన్నచో ఎవడును ఎన్నడును నిలువలేడు. ఇది లూథరు తర్కము. మన శ్రీవైష్ణవులలో తెంగలై వడగలై శాఖలవారు పిల్లి పిల్లను, కోతి పిల్లను దృష్టాంతముగా చెప్పుకొని చేసిన వాదము మన విద్యార్థులకు ఇచట స్ఫురించుట సహజము. జర్మను పండితుడు రూడాల్ఫ్ ఒట్టో 1930లోనే ఈ పోలికను గ్రంథరూపమున విచారించెను. అయితే పిల్లి కోతుల వాదమున ప్రశ్న పట్టుకొనువారెవరని. ఇచట ప్రశ్న తీర్పు నిజమా అని. పోలికను అంతకు మించి లాగరాదు.

ఈ తగవును మోసికొనివచ్చిన పదమునకు తెలుగున లభించిన ప్రతినిధి ‘తీర్చు’. ఈ ధాతువు వ్యాప్తిని తెలుగువారికి ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. అయినను ఒకచోట చేర్చి చూచుట మేలు. పెద్దమనుష్యులు తగవు తీర్తురు; దానినుండియే తీర్పు. ఋణస్థుడు అప్పు తీర్చును. తల్లి ఆకలి తీర్చును. ఇల్లాలు వాకిట ముగ్గు తీర్చును, నొసట తిలకము తీర్చును. గురువు శిష్యుని తీర్చిదిద్దును. వీనిలో మొదటిది న్యాయస్థానపు మాట, రెండవది అంగడి మాట, కడపటివి శిల్పికిని చిత్రకారునకును తగిన మాటలు. తేల్చి చెప్పుట, చెల్లు వేయుట, రూపు కట్టుట ఈ మూడును ఒక్క ధాతువులో నిమిడియున్నవి. లాటిను పదమున రూపు కట్టుట యున్నది, తేల్చి చెప్పుట మరుగుపడినది. లూథరు వ్యాఖ్యలో తేల్చి చెప్పుట యున్నది, రూపు కట్టుట వేరొక పదమునకు విడువబడినది. తెలుగున నీతిమంతుడుగా తీర్చబడినవాడు తీర్పును పొందినవాడును, అప్పు తీరినవాడును, తీర్చిదిద్దబడినవాడును కావచ్చును. పౌలు నాలుగవ అధ్యాయమున కూలివాని జీతము ఋణముగా లెక్కకు వచ్చునేగాని దానముగా రాదని లెక్కల భాషలో మాటలాడుచున్నాడు గనుక అప్పు తీర్చుట అను అర్థచ్ఛాయకూడ ఇచట వ్యర్థము కాదు. అనువాదకులు ఇంత యాలోచించి ఈ మాటను పెట్టిరని మేము చెప్పజాలము. అది తెలుగు ధాతువు చేసికొన్న భాగ్యము.

‘తీర్చబడు’ అను కర్మణిరూపము తెలుగు నుడికారమునకు ముల్లువంటిదని ఆక్షేపించువారున్నారు. సామాన్యముగ మేమును వారిలోని వారమే. ఈ ఒక్కచోట మాత్రము ఆ ముల్లును తీసివేయుట మాకిష్టము లేదు. ‘నీతిమంతుడగును’ అన్నచో చదువరి తానుగా అయ్యెనని తలచును. చేయువాడు వేరొకడు కలడని చెప్పక చెప్పుటకు ఆ ‘బడు’ అవసరము.

ఇంకొక సూక్ష్మమున్నది. ‘తీర్చు’నకు ముందు వచ్చునది ‘గా’ యా, ‘అని’ యా? నీతిమంతుడని తీర్చుట యనగా ఆ మాట తీర్పులోని వాక్యము, ఇది న్యాయస్థానము. నీతిమంతుడుగా తీర్చుట యనగా అది పని ముగిసిన పిమ్మటి రూపము, మట్టిని బొమ్మగా తీర్చినట్లు, ఇది శిల్పశాల. ‘నీతిగా ఎంచబడెను’ అనుచోట ‘గా’ యున్నను రూపాంతరము లేదు గదా యని ఎవరైన అడుగవచ్చును. నిజమే. ఎంచు, తలచు, భావించు మున్నగు మనోవ్యాపార క్రియలతో ‘గా’ పోలికను మాత్రము తెలుపును. చేయు, మలచు మున్నగువానితో పరిణామమును తెలుపును. ‘తీర్చు’ ఈ రెండు తెగల సరిహద్దున నున్నది. కావుననే దానితో ‘గా’ రెండు వైపులకును చూచును. పౌలు పత్రికలలో మన అనువాదము ‘గా’ను, ‘అని’ని కూడ వాడినది. విశ్వాసమును గూర్చిన మూడవ అధ్యాయపు 28వ వచనమునను, ఐదవ అధ్యాయపు మొదటి వచనమునను ‘గా’ యున్నది. క్రియలవలన ఎవడును తీర్చబడడను మూడవ అధ్యాయపు 20వ వచనమున ‘అని’ యున్నది. ఇది నియమమని చెప్పుటకు లేదు; గలతీ పత్రికలో రెండును కలిసియున్నవి. ప్రొటెస్టెంటు సంఘముల బైబిలే తన ప్రధానవచనమున ట్రెంటువారికి సైతము అభ్యంతరము లేని ‘గా’ను నిలుపుకొన్నదనుట చమత్కారమే.

ఆ ప్రధానవచనముననే మరియొక అక్షరమున్నది. గ్రీకున ‘మాత్రమే’ యను మాట లేదు. లూథరు తన జర్మను అనువాదమున దానిని చేర్చి నిందలు పడెను. 1530లో అనువాదమును గూర్చి వ్రాసిన బహిరంగలేఖలో అతడు చెప్పుకొన్న సమాధానము తెలుగు విద్యార్థులు వినదగినది: ఒకదానిని కాదని ఇంకొకదానిని ఔననునప్పుడు జర్మను భాష ఆ మాటను కోరును, తాను గ్రీకును కాక జర్మనును మాటలాడుచున్నాడు. మన అనువాదకులు ఏమి చేసిరి? ‘వలన’కు ఏకారము చేర్చి ‘వలననే’ యనిరి. మన వ్యాకర్తలు అవధారణార్థకమను ఆ ఏకారమొక్కటియే లూథరు ‘మాత్రమే’కు సరిపోయినది. నిందించువాడును లేడయ్యె! లూథరు వాదము తెలుగునకు పూర్తిగా వర్తించును. ఆ వాక్యమున ఏకారము లేనిచో తెలుగు చెవికి వెలితి తోచును. కాని దాని ఫలమును కూడ గుర్తింపవలెను. కొత్తనిబంధనయంతటను విశ్వాసపదము ప్రక్కన ‘మాత్రమే’ యను మాట కూడివచ్చినది యాకోబు వచనమున మాత్రమే. అదియు నిషేధముగా వచ్చినది. గ్రీకు చదువరికి కనబడు ఈ వింత తెలుగు చదువరికి కనబడదు.

యాకోబు పత్రికయొద్దకు వచ్చునప్పటికి మన అనువాదము మాట మార్చినది. రెండవ అధ్యాయము 21వ వచనమున అబ్రాహాము ‘తీర్పు పొందు’ననియు, 24వ వచనమున మనుష్యుడు ‘ఎంచబడు’ననియు, 25వ వచనమున రాహాబును ‘ఎంచబడె’ననియు వ్రాసినది. మూడుచోట్లను గ్రీకు క్రియ ఒక్కటే. మొదటిది పోనిండు, తీర్పు తీర్చుపుట్టినింటిదే, చెవియొగ్గిన వారికి బంధుత్వము వినబడును. కాని ‘ఎంచబడు’ అనునది గ్రీకున వేరొక క్రియకు పెట్టిన తెలుగు. అబ్రాహామునకు నీతి లెక్కింపబడెను అనుచోట వచ్చునది అదియే, 23వ వచనమున యాకోబుకూడ ఆ అర్థమున దానిని ఉదాహరించియున్నాడు. ఆ వెంటనే 24లో అదే తెలుగుమాట వేరొక గ్రీకుమాటకు వచ్చుటచే రెండు వేర్వేరు మాటలు ఒకటియైనవి. పౌలు యాకోబుల ఒకే మాట రెండైనది. మా విద్యార్థి సమాధానము పుట్టినది ఈ సందున. అది అతని సొంత బుద్ధివలన పుట్టినదని అతడనుకొనెను. అది అనువాదకులు అతనికి ముందే అమర్చిపెట్టినది. యాకోబు చెప్పినది మనుష్యులయెదుట నిరూపణమును గూర్చియే యను వ్యాఖ్య చాలకాలముగా ఉన్నదే, దానిని సమర్థించువారును ఉన్నారు. వ్యాఖ్య వ్యాఖ్యానమున నుండవచ్చును. మూలపాఠములోనికి ఎక్కి కూర్చుండరాదు. ఇద్దరు అపొస్తలులు ఒకే మాటతో ఎదురెదురుగా నిలిచినప్పుడు చదువరికి కలుగవలసిన కలత ఆ గ్రంథమున భాగమే. దానిని తప్పించుట దయగా కనిపించును. అది చదువరి హక్కును హరించుట.

ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయము 12వ వచనమున భయముతో రక్షణను ‘సాధించు’ అని చెప్పదగినచోట ‘కొనసాగించుకొను’ అనుట కూడ ఈ తీరుదే.

మాట మార్చిన ప్రతిచోటను నష్టమే కలిగెనని చెప్పరాదు. గ్రీకున ‘పిస్తిస్’ అను నామమునకును, నమ్ముట యను క్రియకును మూలమొకటే. తెలుగున నామము ‘విశ్వాసము’, క్రియ తరచుగా ‘నమ్ము’. యాకోబు 2వ అధ్యాయము 19వ వచనమున దయ్యములు సైతము దేవుడొక్కడని నమ్మి వణకునను ఎత్తిపొడుపు కలదు. గ్రీకున దాని పదును, పౌలు మెచ్చిన పిస్తిస్ దయ్యములకును కలదే యనుటలో నున్నది. తెలుగున దయ్యములకు నమ్ముట యున్నది గాని వానికి విశ్వాసమున్నదని ఎవడును తలపడు. ఏలన, తెలుగువాని నోట విశ్వాసమునకు నమ్మకమే కాక వేరొక యర్థమున్నది. సంస్కృతమున ‘వి’పూర్వకమైన శ్వసధాతువు ఊపిరి తేలికగా పీల్చుకొనుటను, నిశ్చింతగా నుండుటను తెలుపును. మన వాడుకలో తిన్న యింటికి విశ్వాసముగా నుండవలెనందుము. కుక్కకు విశ్వాసమెక్కువ యందుము. చేసిన మేలు మరచినవానిని విశ్వాసము లేనివాడందుము. ఈ విశ్వాసము మనసులో మాత్రముండునది కాదు, వాకిట కావలి కాయునది. పైగా అది మొదట పెట్టినవాడొకడున్నచోటనే పుట్టును. అన్నము ముందు, విశ్వాసము తరువాత. కృపకును విశ్వాసమునకును గల క్రమమిది. గ్రీకు పిస్తిస్‌కును నమ్మకత్వమను అర్థము కలదు. జాన్ బార్క్‌లే 2015లో ప్రచురించిన ‘పౌలును, దానమును’ అను గ్రంథమున ప్రాచీనలోకమున దానము ప్రతిస్పందనను కోరునదియే యని, పౌలు చెప్పిన కృపయొక్క వింత అది అపాత్రునకు చేరుటలోనే యున్నదని నిరూపించెను. ఆ గ్రంథము చదువుచున్నంతసేపును మాకు మన ‘తిన్న యింటి విశ్వాసము’ జ్ఞప్తికి వచ్చుచునే యుండెను.

‘క్రియ’ను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. కర్మయను పదమును విడిచి క్రియను గ్రహించుట వివేకమే. కర్మ యన్నచో పూర్వజన్మము వెంటవచ్చును. కాని ఇ. పి. శాండర్సు 1977 గ్రంథము తరువాత, జేమ్స్ డన్ 1982 ఉపన్యాసము తరువాత, పౌలు త్రోసిపుచ్చిన ధర్మశాస్త్రక్రియలు సత్కార్యములు కావనియు, సున్నతి, భోజననియమములు, విశ్రాంతిదినము వంటి యూదుల గుర్తులనియు వాదము బలపడినది. మృతసముద్రపు చుట్టలలో దొరకి 1994లో ప్రచురితమైన ఒక లేఖలో ‘ధర్మశాస్త్రక్రియలు’ అను మాటయే హెబ్రీయున కనిపించినది. ఈ వాదమునంతయు మేమంగీకరింపము. కూలి, జీతము, అతిశయము అని మాటలాడునప్పుడు పౌలు గుర్తులను దాటి ప్రయత్నమాత్రమునే తాకుచున్నాడు. అయినను యాకోబు క్రియలు బట్టలేనివానికి బట్ట, ఆకలిగొన్నవానికి అన్నము. వీనికిని సున్నతికిని తెలుగున ఒక్క ‘క్రియ’యే చాలవలసి వచ్చినది, మూలమునను స్థితి అంతియే గనుక అనువాదకుల తప్పు లేదు. కర్మకాండ యను మాట పౌలు క్రియలకు అతుకును, యాకోబు క్రియలకు అతుకదు.

‘నీతి’ మాత్రము నిజముగా చిక్కైన మాట. ధర్మపదము ధర్మశాస్త్రమునకు వ్యయమైపోయినది గనుక అనువాదకులకు నీతి మిగిలినది. సుమతిశతకము చదివి పెరిగిన తెలుగువానికి నీతి యనగా నడవడియే. పనిచేయనివానికి నీతి లెక్కింపబడెనన్నచో అది వానికి వడ్డింపని విస్తరిలో భోజనమువలె వినబడును. ఇది లోపమని కొందరందురు. పౌలు మాట అతని మొదటి శ్రోతలకును ఇంత వింతగానే వినబడియుండవలెనని మేమనుకొందుము.

1999 అక్టోబరు 31న ఔగ్స్‌బర్గు నగరమున లూథరను ప్రపంచసమాఖ్యయు, రోమను కతోలిక సంఘమును ఈ విషయమున సంయుక్త ప్రకటనపై సంతకములు చేసినవి. 2006లో మెథడిస్టులును, 2017లో రిఫార్మ్‌డ్ సంఘములును దానిలో చేరినవి. మానవుడు తన యోగ్యతవలన కాక కృపవలన అంగీకరింపబడుననియు, ఆ కృపయే అతనిని సత్క్రియలకు సమర్థునిగా చేయుననియు ఇరుపక్షములును ఒప్పుకొన్నవి. పదజాలపు భేదములు మిగిలియున్నవని అందే చెప్పుకొన్నారు. తీర్పును, తీర్చిదిద్దుటను ఒక్క నోట పలుకగల క్రియాపదము తమకున్నచో ఆ పత్రము కొంత పొట్టిదై యుండెడిది కాబోలు.

యాకోబు 2వ అధ్యాయము 24వ వచనమున ‘ఎంచబడు’ను తీసి ‘తీర్చబడు’ను నిలుపవలెనని మా సూచన, 21, 25 వచనములలోను అంతే. దీనికి రాగల అడ్డు మాకు తెలియనిది కాదు. ఈ వచనములు వేలమందికి కంఠస్థములు; కంఠస్థమైన దానిని కదలించుట విగ్రహమును కదలించుటవంటిది. కనీసము అడుగున చిన్న అక్షరములతో, మూలమున రోమా పత్రికలోని మాటయే యని ఒక్క పంక్తి వేయవచ్చును. మరునాటి తరగతిలో మేమీ సంగతిని చెప్పగా ఆ విద్యార్థి రెండు వచనములను ఒక్క క్రియతో నల్లబల్లమీద ఒకదానిక్రింద నొకటి వ్రాసి, కొంతసేపు చూచి, అయితే అబ్రాహామునే మరల చదువవలెనండీ అనెను. ఆదికాండము 15వ అధ్యాయము తెరచితిమి. ఆ గంట చాలలేదు.